మామ వీపు చాటున

కుట్టు మిషనుకు మోటారు పెట్టించుకున్న తర్వాత నా కాళ్ళకు పని లేకుండా పోయింది. ఇరవై రెండేళ్ళు కాళ్ళతో తొక్కిన మిషను అది. ఇప్పుడు కుడి పాదంతో కొంచెం ఒత్తితే చాలు, సూది దానంతట అదే పరుగెత్తుతుంది. పని తొందరగా అవుతుంది, నిజమే. కానీ ఆ సంగతి కాళ్ళకు తెలియలేదు. అన్నం తింటున్నా ఆడేవి. చర్చిలో ప్రార్థన జరుగుతుంటే మోకాళ్ళు ఊగేవి. పక్కన కూర్చున్న పెద్దాయన నా తొడ మీద చెయ్యి పెట్టి ఆపేవాడు. చెయ్యి తీస్తే మళ్ళీ మొదలు.

ఒక రోజు పొద్దున దుప్పటి మడత పెడుతూ నా భార్య అంది, "ఏమయ్యా, నిద్దర్లో యాడికి పోతాండావు? రాత్రంతా నన్నే తొక్కుతాండావు. ఆ తొక్కేదేదో సైకిలు తొక్కు. నేనన్నా పడుకుంటా."

ఆమె ఎగతాళికి అన్నది. నేను ఆ మాట పట్టుకున్నాను.

ప్రొద్దుటూరులో నేను ఆడవాళ్ళ జాకెట్లు కుడతాను. చదివింది ఐదో తరగతి. కొలతల పుస్తకంలో తప్ప ఇంత పొడుగ్గా ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఇది కూడా మనసు నిలవక రాస్తున్నాను.

మొదట్లో మామూలు సైకిలు మీద మైదుకూరు రోడ్డులో చాపాడు దాకా పోయి వచ్చేవాడిని. ఎండ రాకముందే తిరిగొచ్చి షాపు తెరిచేవాడిని. తర్వాత గేర్ల సైకిలు కొన్నాను. చాపాడు టీ అంగడి దగ్గర ఒక రోజు ఒకాయన కనపడ్డాడు. పెద్ద మనిషి, ఎత్తూ లావూ రెండూ. పక్కనే గోడకు సన్న టైర్ల రేసు సైకిలు ఆనించి ఉంది. చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో పని చేసిన ఒక ఇంజినీరు బదిలీ మీద పోతూ ఆయనకు ఇచ్చిపోయాడట. ఆయనది చాపాడుకు దగ్గర్లోనే పల్లె. గొర్రెలున్న కుటుంబం, ఇప్పుడు వరి కూడా వేస్తారు.

"ఏంది మామా, ఆ తొక్కుడు? తరుముకొస్తాండారా ఎవరన్నా?" అన్నాడు.

"ఎవరూ లేరు మామా. ఊరికే."

"ఊరికే ఇంత దూరం వచ్చినావంటే మనోడివే. దా, టీ తాగు."

అట్లా ఆయన నాకు చాపాడు మామ అయినాడు. ఆయనకు నేను టైలరు మామను.

మరుసటి వారం నుంచి ఇద్దరం ప్రొద్దుటూరులో కలిసి జమ్మలమడుగు దాకా పోయి వచ్చేవాళ్ళం. ఆషాఢం, శ్రావణం నెలల్లో మా వైపు పడమటి గాలి కొడుతుంది. జమ్మలమడుగు మాకు పడమరే. పోయేటప్పుడు ఆ గాలి ఎదురొచ్చి మనిషిని నిలబెట్టేస్తుంది. అయితే ముందు ఒక మనిషి తొక్కుతుంటే, ఆయన వెనక చక్రానికి జానెడు దూరంలో పోయేవాడికి గాలి తగలదు. ముందున్నవాడు అలిసిపోతాడు కాబట్టి వంతులు వేసుకోవాలి. కాసేపు నువ్వు, కాసేపు నేను. సైకిలు తొక్కేవాళ్ళ పద్ధతి అది.

మా ఇద్దరికీ ఆ పద్ధతి కుదరలేదు. నా మెడలో ఎప్పుడూ టేపు ఉంటుంది కాబట్టి నేను మనుషుల్ని అంగుళాల్లో చూస్తాను. ఆయన భుజాలు ఇరవై ఒకటిన్నర. నావి పదహారున్నర. ఆయన వెనక నేను ఇంట్లో ఉన్నట్టు ఉంటాను. నా వెనక ఆయన సగం బయటే ఉంటాడు.

ఒకసారి నా వంతు వచ్చి ముందుకు పోతే వెనక నుంచి కేక వేశాడు. "టైలరు మామా, నువ్వు ముందుంటే ఒకటే, కరెంటు తీగ ముందుంటే ఒకటే. దా, ఎనక్కి దా."

ఆ తర్వాత నేను ముందుకు పోలేదు. మూడేళ్ళు ఆయన వీపు చూస్తూ తొక్కాను. ఆయనకు వీపు మీద మూడు జేబులున్న బనియను కుట్టిచ్చాను. ఆయన చెమట ఎక్కడ మొదలై ఎక్కడికి దిగుతుందో నాకు తెలుసు. ఆ చెమట నడుము దాకా వచ్చిందంటే జమ్మలమడుగు వచ్చినట్టే.

మా వైపు సైకిలు తొక్కేవాళ్ళంతా కలిసి ఏడాదికి ఒకసారి రేసు పెట్టుకుంటాం. ప్రొద్దుటూరులో మొదలై, జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందుల దాకా. నాలుగున్నర గంటల్లో చేరాలి. అందరి వెనక ఒక వ్యాను మెల్లగా వస్తుంటుంది. టయిముకు చేరలేరు అనిపించిన వాళ్ళను ఆ వ్యాను వాళ్ళు ఆపి ఎక్కించుకుంటారు. సైకిలు పైన కట్టేస్తారు.

పోయిన సంవత్సరం నన్ను ఎక్కించుకున్నారు. ముద్దనూరు దాటిన తర్వాత రోడ్డు ఎత్తు ఎక్కుతుంది. అక్కడ నా ఊపిరి అయిపోయింది. చాపాడు మామ నా కోసం మూడు సార్లు ఆగాడు. మూడోసారి నేనే, "నువ్వు పో మామా" అన్నాను. ఆయన పోలేదు. వ్యాను వచ్చి, నన్ను ఎక్కించుకుని, తలుపు వేసిన తర్వాతే తొక్కాడు. టయిముకు రెండు నిమిషాల ముందు చేరాడంట. నేను వ్యానులో పులివెందులలో దిగేసరికి జనం మధ్యలో నుంచి ఒకామె గట్టిగా అంది. "అదో, మా పిన్నమ్మకు జాకెట్లు కుట్టే ఆయన గదా! సైకిలు రేసుకని చెప్పి బండెక్కొచ్చినాడు సూడు."

ఆ మాట సంవత్సరం పాటు నా చెవిలో ఉండిపోయింది. ఈసారి ఏమైనా సరే ఆ వ్యాను ఎక్కకూడదు. నాకు మొదటి బహుమతి వద్దు, పదో బహుమతి వద్దు. వ్యాను ఎక్కకుండా పులివెందుల చేరాలి, అంతే.

రేసు శ్రావణంలో పెట్టారు. మా పనికి అంతకంటే రద్దీ నెల లేదు. వ్రతాలు, పెళ్ళిళ్ళు. కత్తెర పట్టుకున్నా నా మనసు ముద్దనూరు ఎక్కుడు మీదే ఉండేది. ఒకామె జాకెట్టు తెచ్చి బల్ల మీద పరిచింది.

"ఏందన్నా ఇది? ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. నాకు రెండు చేతులూ సమంగానే ఉండాయే!"

మళ్ళీ కుట్టిచ్చాను. ఆ వారంలోనే ఇంకొకామెకు హుక్కులు ముందుకు బదులు వెనక పెట్టాను.

రేసు ఆదివారం. బయలుదేరుతుంటే నా భార్య గడపలో నిలబడింది. "దేవుడే ఆరు దినాలు పని చేసి ఏడో దినం కుచ్చున్యాడు. నువ్వు ఆయన కంటే గట్టోడివి." అలా అని, మళ్ళీ నా సీసాలో ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు పోసిచ్చింది.

ఆ రోజు అంతా బాగానే జరిగింది. జమ్మలమడుగు దాకా ఎదురు గాలి, ఆయన వీపు చాటున పోయాను. ముద్దనూరు ఎక్కుడులో నేను ఊపిరి లెక్క పెట్టుకుంటూ ఎక్కాను. పైకి చేరి వాచీ చూసుకుంటే మేము టయిము కంటే పదిహేను నిమిషాలు ముందున్నాం. నవ్వు ఆగలేదు.

"నవ్వబాకప్పా, ఇంకా శానా దూరముండాది," అన్నాడు మామ. గాలి పక్క నుంచీ ఎదురు నుంచీ కలిసి కొడుతోంది. ఆయన తల దించుకుని తొక్కుతున్నాడు. నేను వెనక ఉన్నాను.

పులివెందుల ఇంకో గంట ఉందనగా ఆయన సైకిలు పక్కకు ఊగింది. దిగి రోడ్డు పక్కన కూలబడ్డాడు. కుడి పిక్క రాయి మాదిరి గట్టిపడి ఉంది. చేత్తో పట్టుకుంటే చర్మం కింద ఏదో కదులుతున్నట్టు ఉంది. నా ఉప్పు నీళ్ళు తాగించాను, పిక్క రుద్దాను. పదిహేను నిమిషాల్లో పది అక్కడే పోయాయి.

లేచి ఎక్కాడు. "ఈసారి నువ్వు ముందు పో మామా. నేను నీ ఎనక వస్తా," అన్నాడు.

మూడేళ్ళ తర్వాత ముందుకు పోయాను. గాలి ఎదకు తగిలింది. ఒంగాను, మోచేతులు వెడల్పు చేశాను, ఎట్లయినా కొంచెం వెడల్పు కావాలని. కాసేపటికి వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. "లాభం లేదప్పా. గాలంతా నీ పక్కల్లో నుంచి నాకే వస్తాంది."

నేను మెల్లగా తొక్కితే ఆయన వస్తున్నాడు. కానీ అంత మెల్లగా పోతే ఇద్దరమూ చేరలేం. వాచీ చూసుకున్నాను. దూరంగా వ్యాను హారను వినిపించింది. ఇంకెవరినో ఎక్కించుకుంటున్నారు.

"పో మామా," అన్నాడు.

ఆ మాట ఇంకా గాల్లో ఉండగానే నేను గేరు మార్చాను.

వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతానని భయం. ఇంకో సంగతి కూడా ఉంది. అది రాయకపోతే మిగతాదంతా అబద్ధం అవుతుంది. నాకు సంతోషంగా ఉండింది. రోడ్డు కనపడింది. ఇన్నాళ్ళూ ఒక వీపు తప్ప ఏమీ చూడలేదు గదా. చీనీ తోటలు, అరటి తోటలు, డ్రిప్పు పైపులు, ఒక ట్రాక్టరు మీద కూర్చుని చెయ్యి ఊపిన ఆడవాళ్ళు. గాలి నోట్లోకి పోతోంది. తొడలు మండుతున్నాయి. నేను ఒక్కణ్ణే పోతున్నాను.

నాలుగు నిమిషాల ముందు చేరాను. టయిముకు చేరిన అందరికీ వేసినట్టే నా మెడలోనూ పతకం వేశారు. అరటిపండ్లు ఇచ్చారు. అందరూ కుర్చీల్లో కూర్చున్నారు. నేను కూర్చోలేకపోయాను. సైకిలు పట్టుకుని రోడ్డు దాకా పోవడం, మళ్ళీ రావడం. పతకం తీసి జేబులో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో అని మళ్ళీ తీసి వేసుకున్నాను.

వ్యాను వచ్చింది. చాపాడు మామ డ్రైవరు పక్కన సీట్లో కూర్చుని ఉన్నాడు. కాలు బయటికి పెట్టి కుంటుతూ దిగాడు. అందరూ వినేటట్టు అన్నాడు. "ఏమి మామా! మూడేండ్లు నా వీపు సూస్తివి. నేను నీ వీపు సూద్దామంటే, రెండు నిమిషాలు గూడా సూడనియ్యకపోతివి!"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నా పతకం చేతిలోకి తీసుకుని పంటితో కొరికాడు. "ఇది ప్రొద్దుటూరు బంగారం గాదులే," అని మళ్ళీ నా ఎద మీద వేశాడు. తిడితే బాగుండు అనిపించింది.

తర్వాత నాలుగు రోజులు ఆయన రాలేదు. ఫోను చేస్తే ఆయన భార్య, "గొర్రెల కాడ ఉండాడు," అని పెట్టేసింది. నేను రోజూ మేము కలిసే చోటికి పోయి, కాసేపు నిలబడి, ఎటూ పోకుండా తిరిగొచ్చాను. ఐదో రోజు పొద్దున చాపాడు వైపు తొక్కాను.

పల్లె బయట దొడ్డిలో ఆయన గొర్రెలకు కడుపులో పురుగులు చచ్చే నట్టల మందు తాగిస్తున్నాడు. నన్ను చూసి, "బాగ దొరికితివి. సైకిలు ఆడ పెట్టు. దీన్ని పట్టుకో," అన్నాడు. గొర్రెను రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, దాని దవడ కింద చెయ్యి పెట్టి పట్టుకున్నాను. ఆయన సీసా నోట్లో పెట్టాడు.

"అలిగినావా మామా?"

"ఎందుకప్పా?"

"నిన్ను ఇడ్సిపెట్టి పోయినా గదా."

"నేనే గదా పొమ్మనింది."

"ఒక్క మాటకే పోయినా."

ఆయన ఆ గొర్రెను వదిలి ఇంకోదాన్ని లాక్కొచ్చాడు. మా వైపు ఎవరైనా అన్నం పెడతామన్నా మొదటిసారికే కూర్చోం. వద్దని ఒకసారైనా అంటాం, ఆకలిగా ఉన్నా సరే. ఆ మర్యాద కూడా నేను ఆయనకు చెయ్యలేదు.

"ఇంకొక మాటు అడుగుతావేమోనని అనుకుంటి," అన్నాడు, గొర్రె నోరు చూస్తూ.

"అడిగింటే?"

"అడిగినా పొమ్మనే అంటా. కాలు సచ్చిపోయింటే నేను యాడొచ్చేది? ఊ, గట్టిగ పట్టుకో, జారిపోతాంది."

గట్టిగా పట్టుకున్నాను. ఇంకా ఇరవై దాకా ఉన్నాయి. మోకాళ్ళ మధ్య గొర్రెలు గింజుకుంటున్నాయి. రేపు వస్తావా అని అడిగాను. కాలు చూసి చెబుతానన్నాడు. ఎండ పైకి వచ్చింది. షాపు దగ్గర ఆడవాళ్ళు వచ్చి నిలబడి ఉంటారు. అది ఆయనకూ తెలుసు.

"నువ్వు పో మామా, షాపు తెరిచే టయిమైంది," అన్నాడు.

"ఉంటాలే మామా," అన్నాను.

మూడు గొర్రెలకు తాగించిన తర్వాత మళ్ళీ అన్నాడు. "పోప్పా, ఆడోళ్ళు తిడతారు."

అప్పుడు లేచి చేతులు కడుక్కున్నాను.