వెనక సీటు మీద నీళ్ల క్యాన్

పోయిన వేసవిలో మా ఆయన, బండి మీద మంగళూరు దాకా పోయి వానాకాలపు సముద్రం చూసి వస్తానన్నాడు. నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. మార్కాపురం నుంచి గిద్దలూరు పోయి వస్తేనే నడుముకు మందు రాయించుకునే మనిషి కాబట్టి నవ్వొచ్చింది. ఆ ముచ్చట మొదట నాది కాబట్టి కోపమొచ్చింది. పెళ్లయిన కొత్తలో పుల్లలచెరువు దగ్గర మా అమ్మ వాళ్ల పల్లెకు పోతూ, ఎండిపోయిన వాగు పక్కన బండి ఆపుకున్నప్పుడు, "ఎప్పుడన్నా వాన బాగా పడే చోటికి పోదామయ్యా" అన్నది నేనే. ఇప్పుడు ఆయనొక్కడే బయలుదేరుతున్నాడు. నువ్వూ రా అని మాటవరసకైనా అనలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఎక్కడ చులకనైపోతానో అని నా బింకం నాది.

బండి మాత్రం ఆ పాతదే. దాన్ని మెకానిక్ దగ్గర పెడితే, అతను మూత విప్పి, "మామా, ఇది ఇంజనా, బొగ్గుల కుంపటా?" అన్నాడట. చైన్ మార్చారు, క్లచ్ వైరు మార్చారు, టైర్లు కొత్తవి వేశారు. వెల్డింగ్ షాపులో ఇనప పెట్టెలు రెండు చేయించి అటొకటి ఇటొకటి బిగించారు. రోజూ సాయంత్రం ఆయన వాకిట్లో బండి ముందు గొంతుక్కూర్చుని దాన్ని తుడుస్తుంటే, కొత్త పెళ్లికొడుకు వాలకమే.

మా రోజుల్లో ఈ పెట్టెలెక్కడివి? పెట్రోల్ ట్యాంకు మీద పెద్దవాడు, మా ఇద్దరి మధ్య చిన్నది, నా భుజానికి సంచి, ఇంకో చేతిలో కూరగాయల బుట్ట. ఆదివారం చర్చి అయిపోగానే అట్లాగే మా అమ్మ దగ్గరికి పోయేవాళ్లం. వచ్చేటప్పుడు వేరుశనక్కాయల మూట అదనం. ఒకసారి మా అమ్మ మేకపిల్లనిస్తే ఒళ్లో పెట్టుకుని వచ్చాను. అది దారి పొడవునా నా కొంగు నములుతూనే ఉంది. పిల్లలు చూసి ఒకటే నవ్వు. ఆ ఇరుకులో ఎంత సుఖంగా ఉన్నామో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండిపోతుంది.

సామాన్లు నేనే సర్దాను. కోపం వస్తే నా చేతికి పనితనం ఎక్కువవుతుంది. రెయిన్‌కోటు, పంక్చర్ సామాను, మందులు, కారప్పొడి, వేయించిన శనక్కాయలు, అన్నీ ఇనప పెట్టెల్లో పట్టేశాయి. మిగిలింది నీళ్లు. మా పడమటి వైపు మనుషులం నీళ్లు లేకుండా గడప దాటలేం. బోర్లలో ఫ్లోరైడు తాగి తాగి, పెళ్లికి పోయినా సీసా చంకన పెట్టుకుపోయే రకాలం. ఆయన మంచినీళ్ల ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాన్ నింపించుకొచ్చి, వెనక సీటు మీద కూర్చోబెట్టి రబ్బరు తాళ్లతో బిగించాడు.

బండి చూడ్డానికి వచ్చిన మెకానిక్ పడీపడీ నవ్వాడు. "వాన చూసేదానికి పోతా నీళ్లు మోసకపోయేది ఏంది మామా?"

"ఆ దేశం నీళ్లు ఎట్లుంటాయో ఎవురికి తెలుసు?" అన్నాడు ఈయన, చాలా గంభీరంగా.

నాకు నవ్వు రాలేదు. ఆ క్యాన్ ఎక్కి కూర్చున్నది నా చోట్లో. నీళ్ల క్యాన్ మీద అసూయపడ్డానంటే వినేవాళ్లకు వింతగా ఉంటుంది, కానీ పడ్డాను.

బరువంతా కట్టుకుని ఒకసారి నడిపి చూద్దామని గిద్దలూరు దాకా పోయాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి హెల్మెట్ తీయకుండానే మెట్టు మీద కూలబడ్డాడు. మజ్జిగ తెచ్చి ఇచ్చాను.

"బండి సతాయించిందా?"

"లేదు. బండి బ్రమ్మాండంగా ఉంది."

"మరి మొహం అట్ల పెట్టినావేంది?"

మజ్జిగ గుక్కలో తాగేసి గ్లాసు మెట్టు మీద పెట్టాడు. "గుంత దాటినప్పుడల్లా ఎడం చెయ్యి ఎనక్కి పోతాంది. పోయి క్యాన్‌కు తగుల్తాంది."

పెళ్లయిన నాటి నుంచీ అంతే. రోడ్డు మీద గుంత దాటగానే ఆయన చెయ్యి వెనక్కి వచ్చి, నా మోకాలు తాకి, ఉన్నానని తెలుసుకుని వెళ్లిపోతుంది. ఒక్క మాటా మాట్లాడడు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసనుకున్నాను.

"మరి నన్నెందుకు రమ్మనలా?" అన్నాను.

"అంత దూరం కూచోలేనంటావేమోనని. నువ్వు రానంటే నాకూ యాడికీ పోబుద్ధి కాదని, అడగలా."

నేను లేచి బండి దగ్గరికి పోయి రబ్బరు తాళ్లు విప్పడం మొదలుపెట్టాను.

"ఏంది, ఏం చేస్తాండావు?" అంటూ కంగారుగా వచ్చాడు.

"క్యాన్‌ను దిగమంటున్నా" అన్నాను.