రూలత్త రిజిస్టరు

మా అత్తని ఇంటా బయటా అందరూ రూలత్త అనే అంటారు. అసలు పేరు బ్యాంకు పాస్‌బుక్కులో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. ఆవిడకి ఆ పిలుపు మీద అభ్యంతరమూ లేదు, ముచ్చటా లేదు. పిలిస్తే పలుకుతుంది, అంతే.

ఆవిడ పని ఆటకి అంపైరుగా ఉండటం. ఆటంటే మీరూ టీవీలో చూసే ఉంటారు. మూతపడ్డ నూలు మిల్లులో పదహారుమందిని పెట్టి తాళం వేస్తారు. రోజుకో పోటీ పెట్టి, వారానికొకర్ని బయటికి పంపుతారు. ఆఖరిదాకా మిగిలినవాళ్లకి ఒక ఇల్లు ఇస్తారు. ఇప్పటికి పందొమ్మిది సీజన్లయ్యాయి. యాంకర్లు ఏడుగురు మారారు, ప్రొడ్యూసర్లు నలుగురు మారారు, అత్త మాత్రం మారలేదు. మిల్లు నడిచే రోజుల్లో ఆవిడ అందులో టైమ్ కీపరు. మిల్లు మూసేసి ఆటవాళ్లకి అద్దెకిచ్చినప్పుడు బల్ల, గోడ గడియారం, సైరనుతో పాటు అత్త కూడా వాళ్లకే వెళ్లింది. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. మర్నాడు పొద్దున ఎప్పట్లాగే వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది.

మొదటి సీజన్లో ఆటకి ఎనిమిదే రూల్స్. ఇప్పుడు నాలుగొందల పన్నెండు. ఏదీ ఊరికే పుట్టలేదు, ఒక్కోదాని వెనకా ఒక్కో ఘనుడున్నాడు. పోటీకిచ్చిన సబ్బు తినకూడదని పదిహేడో రూలు ఎందుకుందంటే, ఒకాయన తిన్నాడు కనక. ఒళ్లు బాగోలేదని రెండ్రోజులు పోటీలు ఎగ్గొట్టడానికట. నిలబడి నిద్రపోయినా నిద్రపోయినట్టే అన్నది నూట రెండో రూలు. కవల సోదరుణ్ణి కిటికీలోంచి లోపలికి దింపి వీడు బయటికెళ్లి సినిమా చూసి రాకూడదన్నది రెండొందల ఆరు. ఇవన్నీ అత్త తన చేత్తో, మిల్లు హాజరు పుస్తకంలా గళ్లు గీసిన పెద్ద రిజిస్టర్లో రాసుకొచ్చింది. ప్రతి రూలు పక్కనా తేదీ, టైము, సంతకం. కొట్టివేతలు లేవు, దిద్దుబాట్లు లేవు.

వెనక పేజీల్లో రికార్డులుంటాయి. ఒంటికాలి మీద నిలబడ్డ రికార్డు ఒక బస్సు కండక్టరుది, పదకొండు గంటల ఆరు నిమిషాలు. నోరు విప్పకుండా ఉన్న రికార్డు ఒక టెలిఫోను ఆపరేటరుది, తొమ్మిది రోజులు. ఆవిడ ఓడిపోయాక కూడా ఇంకో రెండ్రోజులు మాట్లాడలేదట. ఎక్కువ రోజులు లోపలున్న రికార్డు తొంభై ఎనిమిది రోజులు, ఒక పళ్ల డాక్టరుది. తక్కువ కాలం ఉన్నది పద్నాలుగు నిమిషాలు. ఆయన తన బామ్మర్దికి సంచీ ఇచ్చి పోదామని వచ్చి లోపలుండగా తాళం పడిందంతే.

ఇంకో సంగతి చెప్పాలి, తర్వాత అవసరం పడుతుంది. రాసిన రూలు మర్నాడు పొద్దున సైరన్ మోగాకే అమల్లోకి వస్తుంది. అన్నిటికన్నా ముందు రాసిన ఒకటో రూలు ఇదే. మిల్లులో అదే పద్ధతి, ఇవాళ నోటీసు అంటిస్తే రేపటి షిఫ్టు నుంచి లెక్క. ఎవడెంత అతితెలివి చూపించినా, అది కూడదని అప్పటికి రాసి లేకపోతే ఆ రోజుకి వాడిదే గెలుపు. అందుకే సబ్బు తిన్నాయన రెండ్రోజులూ హాయిగా పడుకున్నాడు.

ఇక మా నాన్న సంగతి. నాన్న అత్తకి తమ్ముడు. అదే మిల్లులో ఎలక్ట్రీషియను. మిల్లు పోయాక ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. రెండో సీజన్ మొదలయ్యే రోజు పదహారో మనిషి భయపడి పారిపోతే, లోపల వైరింగు చూస్తున్న నాన్నని ఆ ఖాళీలో పెట్టేశారు. అంపైరు తమ్ముడు ఆడకూడదని అప్పటికి రూలు లేదు. అత్తకి ఇష్టం లేకపోయినా రాసిలేనిదానికి ఏం చేస్తుంది, ఊరుకుంది.

నాన్న నలభై ఒక్క రోజులున్నాడు. ఏడుగురు మధ్యలోనే వాళ్లంతట వాళ్లు వెళ్లిపోవడంతో అప్పటికి మిగిలింది నలుగురే. అద్దింట్లో అమ్మ కొత్తింటికి కర్టెన్లు ఏ రంగువి కొనాలా అని ఆలోచిస్తోంది. నాకు ఆరేళ్లు, నాకో గది అడిగాను. నలభై ఒకటో రోజు పొద్దున పది దాటాక, నీళ్ల డబ్బా భుజానేసుకుని లోపలికొస్తున్న మనిషి మీదకి ఇనప తలుపు వచ్చి పడబోతే, నాన్న గబుక్కున కాలు బయటపెట్టి తలుపు పట్టుకున్నాడు. గుమ్మం దగ్గర పసుపు గీత ఒకటుంది. కుడికాలు దాని అవతల పడింది, రెండు సెకన్లు. అత్త మైకు తీసుకుని, పోటీదారు గీత దాటారు, ఆట నుంచి తప్పుకోవాలి అని చదివింది. నాన్న నవ్వాడట, అక్క ఆటపట్టిస్తోందనుకుని. ఆవిడ రెండోసారి చదివింది. అప్పుడు చెప్పులేసుకుని వచ్చేశాడు.

ఆ వచ్చినవాడు మళ్లీ అక్కతో మాట్లాడలేదు. పద్దెనిమిదేళ్లు. ఇల్లు పోయినందుకు కాదని ఒకసారి అమ్మతో అన్నాడు. అంతమంది ముందు తన సొంతక్క ఎవరో ముక్కూమొహం తెలియని మనిషిని పంపినట్టు పంపింది చూడు, అది మింగుడుపడలేదన్నాడు. ఇద్దరూ ఇద్దరే, మొండిఘటాలు. మామయ్య పోయినప్పుడు నాన్న వెళ్లి అన్ని పనులూ దగ్గరుండి చేసి, అక్కతో ఒక్క ముక్క మాట్లాడకుండా తిరిగొచ్చాడు. మేం రెండిళ్లు మారాం. అత్త ఏ ఇంటికీ రాలేదు. నేను మటుకు సెలవులకి అత్త దగ్గరికి పోయి, ఆవిడ చెప్పింది ఇక్కడా ఈయన చెప్పింది అక్కడా మోస్తూ పెరిగాను.

నేను కాక వాళ్లిద్దరి మధ్య మిగిలిందల్లా ఒక టేబుల్ ఫ్యాను. అత్త బల్ల మీది ఫ్యాను ఏటా ఎండాకాలం ముందు మొరాయిస్తుంది. ఆవిడ దాన్ని నాన్న షాపుకే పంపేది. నాన్న బాగుచేసి, ఒక చీటీ కట్టి తిప్పి పంపేవాడు. బేరింగు మార్చాను. వైరు మార్చాను. ఈసారి నూనె సరిపోయింది. ఇంతకంటే ఒక్క అక్షరం ఎక్కువుండేది కాదు.

ఈ ఏడు ఇరవయ్యో సీజన్. కొత్త ప్రొడ్యూసరుకి ట్విస్టుల పిచ్చి. పాతవాళ్లని తిరిగి లోపలికి పంపుదామని, అందులోనూ అక్క పంపేసిన తమ్ముణ్ణి మొదట పంపుదామని ఆయనకో మెరుపులాంటి ఆలోచన వచ్చింది. షాపుకే వెళ్లి అడిగాడు. నాన్న చేతిలో మిక్సీ వదలకుండా, గీత దాటినవాళ్లు మళ్లీ రాకూడదని తొమ్మిదో రూలుంది, కావాలంటే మీ అంపైరు గారిని అడగండి అన్నాడు. ఆయన అత్తని అడిగాడు. తొమ్మిదో రూలు కొట్టేయమన్నాడు. రిజిస్టర్లో కొట్టివేతలుండవని అత్త అంది. ఈ తలనొప్పంతా పుస్తకంతో వచ్చింది, దీన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తే ఏది కావాలంటే అది తీసేయొచ్చని ఆయన నన్ను టైపు చెయ్యడానికి పెట్టుకున్నాడు. నాకు ఉద్యోగం అలా వచ్చింది, సిగ్గుపడాల్సిందేం లేదు.

మొదటిరోజే తొమ్మిదో రూలు దగ్గర ఆగిపోయాను. ఆ పేజీ మీద దొంతరగా చీటీలు గుచ్చి ఉన్నాయి, గుండుసూదులతో, ఒకదానిమీద ఒకటి. బేరింగు మార్చాను. వైరు మార్చాను. పద్దెనిమిది చీటీలూ ఉన్నాయి. అవి ఒక్కొక్కటే తీస్తే కింద రూలు కనబడింది. ఏ కారణంతో గీత దాటినా ఆట నుంచి పోయినట్టే, మళ్లీ రాకూడదు. పక్కన తేదీ నలభై ఒకటో రోజుదే. టైము సాయంత్రం ఆరూ నలభై.

నాన్న కాలు పెట్టింది పొద్దున పది దాటాక.

నేను మళ్లీ చదివాను. ముందు పేజీకి వెళ్లి నాలుగో రూలు చూశాను. అనుమతి లేకుండా బయటికెళ్తే మొదటిసారికి హెచ్చరిక. నాన్న కాలు బయటపెట్టేనాటికి ఉన్నది అదే. రిజిస్టరు చంకనపెట్టుకుని అత్త బల్ల దగ్గరికి వెళ్లాను. ఆవిడ గడియారానికి కీ ఇస్తోంది. నాకు చెడ్డ కోపం వచ్చింది, దాచుకోలేదు. నీకిది తెలుసా అని అరిచినట్టే అడిగాను.

"రాస్తున్నప్పుడే తెలిసింది" అంది అత్త.

టైము మార్చి రాస్తే ఎవరికి తెలిసేదన్నాను. రిజిస్టర్లో దొంగ టైము ఎవరన్నా రాస్తారా అని నన్నే ఎదురడిగింది, నేనేదో పాడుమాట అన్నట్టు.

"ఇంకెవరన్నా అయ్యుంటే ఏం చేసేదానివి?"

"హెచ్చరించి లోపలికి పంపేదాన్ని."

"మరి నాన్నని?"

అత్త కీ ఇవ్వడం ఆపింది. "వాడు నా తమ్ముడు కదే. ఉంచితే తమ్ముణ్ణి ఉంచుకుందని అంటారని భయమేసింది. ఆ భయంలో రూలు చూడలేదు. మైకులో చదివేశాక చూశాను."

నాకు ఏడుపొచ్చింది, దానికి ఇంకా కోపమొచ్చింది. పద్దెనిమిదేళ్లు ఈ ముక్క నాన్నకెందుకు చెప్పలేదని నిలదీశాను. అంపైరు తప్పుకి ముప్పై మూడో రూలుందంది. అంపైరు తప్పు చేస్తే వేరేవాళ్లెవరైనా కనిపెట్టి రాతపూర్వకంగా ఇవ్వాలి, అప్పుడు అంపైరు దాన్ని మైకులో చదవాలి. మూడో సీజన్లో ఆవిడే రాసుకుంది. ఎవరైనా రిజిస్టరు తెరుస్తారని చూసిందట. తమ్ముడే వచ్చి, ఏ రూలు ప్రకారం పంపావో చూపించు అని అడుగుతాడని చూసిందట. ఆయన రాలేదు, ఫ్యాను వచ్చింది.

"నా అంతట నేను వెళ్లి చెప్పడానికి మొహం చెల్లలేదు" అని, సొరుగులోంచి ఫిర్యాదు ఫారం తీసి నా ముందు పెట్టింది. "రాసివ్వు."

రాశాను. ఫిర్యాదుదారుకీ పోటీదారుకీ సంబంధం అన్నచోట కూతురు అని రాశాను. అంపైరుతో సంబంధం అన్నచోట మేనకోడలు అని గట్టిగా నొక్కి రాస్తే కాగితం చిరిగింది. అత్త దానికి టేపు అంటించి, అందినట్టు సంతకం పెట్టి, టైము వేసింది.

ముప్పై మూడో రూలు ప్రకారం తర్వాతి ఆటరోజు చదవాలి. అది ఇరవయ్యో సీజన్ మొదటిరోజు, ప్రత్యక్ష ప్రసారం. సాయంత్రం నాలుగింటికి పదహారుమంది కొత్తవాళ్లు పెట్టెలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. సైరన్ మోగింది. అత్త మైకు తీసుకుంది. రోజూ తప్పులు చదివే గొంతుతోనే చదివింది, అక్షరం కూడా వణకలేదు.

రెండో సీజన్ నలభై ఒకటో రోజున పదహారో పోటీదారుని తప్పించడం చెల్లదని, ఆ రూలు అప్పటికి పుట్టలేదని చదివింది. కాబట్టి ఆయన ఆట నుంచి పోలేదని చదివింది. ఆట మొదలైన రోజు నుంచి లెక్క వేస్తే ఆయన ఇవాళ్టికి ఆరువేల ఆరువందల అరవై అయిదు రోజులుగా ఆటలో ఉన్నారని, తొంభై ఎనిమిది రోజుల పాత రికార్డు దీంతో పోయిందని చదివింది. పళ్ల డాక్టరుకి ఎలా అనిపించిందో తెలీదు. అంతటితో కాగితం అయిపోయింది. అత్త మైకు కింద పెట్టలేదు.

"తప్పు నాది, తమ్ముడూ" అంది.

ఇది ఏ రూల్లోనూ లేదు. ప్రొడ్యూసరు రెండు చేతులూ పైకెత్తి, ఇంతకన్నా మంచి ట్విస్టు తన జన్మలో చూడలేదని గెంతాడు. ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఐదు నిమిషాలకి నా ఫోను మోగింది. నాన్న. వెనక షాపులో టీవీ మోత, ఏదో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. మామూలుగా అయితే మీ అత్తకి ఇలా చెప్పు అంటాడు. ఈసారి, అత్తకివ్వు అన్నాడు. ఇచ్చాను. నాన్నది పెద్ద గొంతు, ప్రతి మాటా నాకూ వినబడింది.

 పద్దెనిమిదేళ్లు మాట్లాడుకోకపోవడానికి రికార్డు ఉంటే వీళ్లకే ఇవ్వాలి అనుకున్నాను. నాన్నే ముందు అడిగాడు.

"అక్కా, ఆటలో ఉన్నవాళ్లు ఫోన్లో మాట్లాడొచ్చా?"

"మాట్లాడకూడదు. ఇరవై ఆరో రూలు."

"అయితే పెట్టేస్తున్నా. నువ్వే ఇంటికి రా."

ఫోను కట్టయింది. అత్త దాన్ని నా చేతికిచ్చింది. మెడలోని విజిలు తీసి బల్ల మీద పెట్టింది. పదహారుమందీ పెట్టెలు మోసుకుని అలాగే నిలబడి చూస్తున్నారు. వాళ్ల ముందు నుంచే గుమ్మం దాకా నడిచి, చెప్పులేసుకుని, నావైపు తిరిగింది.

"మీ ఇంటికి ఏ బస్సెక్కాలే?" అని అడిగింది.