గాజు సిలిండరులో కుంకుమ

బొల్లారం దగ్గర మా ల్యాబులో నా పని గాలిని కొలవడం. పెట్రోలు ఇంజను పీల్చుకున్న గాలి సిలిండరులో గుండ్రంగా పల్టీ కొట్టాలి, అప్పుడే పెట్రోలు అందులో బాగా కలుస్తుంది. ఇది కంటికి కనబడదు కాబట్టి లోహపు సిలిండరు బదులు గాజుది బిగించి, గాలిలో సన్నటి నూనె తుంపర కలిపి, లేజరు వెలుతురులో వెంటవెంటనే రెండు ఫొటోలు తీస్తాం. ఆ మధ్యలో తుంపర ఎంత జరిగిందో చూస్తే గాలి వేగం తెలిసిపోతుంది. ఈ పని నాకంటే బాగా ఎవరికీ రాదని కొంచెం పొగరు కూడా ఉండేది నాకు.

సిలిండరు మీద కూర్చునే హెడ్‌లో గాలి దారిని ఆకురాయితో అరగదీసినాయన మా సీనియర్ టెక్నీషియన్. రిటైర్మెంటుకు నెల రోజులే ఉంది. డ్రాయింగులో లేని వంపు ఒకటి సొంత ఆలోచనతో పెట్టాడు.

"నేను పోయేలోపట ఇది ఓకే అయితే చాలు మేడం," అనేవాడు.

ఆయుధ పూజ నాడు స్క్రూడ్రైవరు నుంచి లేజరు పెట్టె దాకా అన్నిటికీ బొట్లు పెట్టాం. గాలి పీల్చే గొట్టం మూతికి నేనే దట్టంగా కుంకుమ అద్దాను. పండగ కాగానే ఆయన చేసిన హెడ్ బిగించి కొలిచాం. ఫొటోల్లో తుంపర చుక్కలు ఎప్పటికన్నా మెరుస్తున్నాయని మురిసిపోయాను కూడా. గాలి మాత్రం పల్టీ కొట్టలేదు.

"జెర ఇంకోపారి కొలువుండ్రి మేడం. గాలి గిట్ల పోదు," అన్నాడాయన.

"ఫొటోలల్ల కనిపిస్తనే ఉంది కదన్నా, ఇంకేం కొలవాలె?" అని కసిరాను.

నా రిపోర్టు చూసి పైవాళ్లు ఆ వంపును పక్కన పెట్టేశారు. ఆయన రిటైరయిన వారానికి, లోపలి గోడల మందం చూడటానికని ఆ హెడ్‌ను నిలువునా కోశారు. చేత్తో చేసింది కాబట్టి అలాంటిది ఇంకొకటి లేదు.

తర్వాత ఒకరోజు గొట్టం కడగడానికి విప్పితే లోపలంతా నూనెకు అంటుకుని ఎర్రటి కుంకుమ. తుంపర గాలితో పాటు తిరుగుతుంది. కుంకుమ పలుకులు బరువు, అవి తిరగకుండా నేరుగా పోతాయి. ఆ మెరిసిన చుక్కలు నేను పెట్టిన బొట్టువే. సిగ్గుతో ఆ పూట అన్నం కూడా తినలేకపోయాను.

మర్నాడు తిరుమలగిరిలో ఆయన ఇంటికి వెళ్లి కుంకుమ సంగతి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"నాకు సుత డౌటు వచ్చింది మేడం."

"మరి చెప్పలేదేందన్నా?"

"పూజ నాడు మీరు పెట్టిన బొట్టు తుడువుమని నేనెట్ల చెప్త?"

నిజమే, మా ల్యాబులో యంత్రానికి పెట్టిన బొట్టును ఎవరూ తుడవరు. దానంతట అదే పోవాలి. నేనూ ఏనాడూ తుడిచింది లేదు.

"పోనియ్యుండ్రి, గయ్యన్నీ ఎందుకు," అని ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఇప్పుడు గొట్టం కడిగిన్రు కదా, మల్ల కొలిచిన్రా? తిరిగిందా నా గాలి?"

హెడ్ కోసేశారని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ మాట కూడా నేనే చెప్పాల్సి వచ్చింది.