పక్క సీటు మాస్టారు

“ఊరందరికీ డ్రైవింగ్ నేర్పే మనిషికి సొంత కారంటే అంత చేదేమిటండీ? బుక్ చేసేశాను. రేపు షోరూం నుంచి మీరే తోలుకురావాలి!” “బస్సుండగా కారెందుకే? పొగ, పార్కింగు, లేనిపోని తలనొప్పి!” ముందు సీట్లో మాస్టారూ ఆయన భార్యా వాదించుకుంటుంటే బస్సు డ్రైవరు నవ్వు ఆపుకున్నాడు. అతనూ ఆ మాస్టారి శిష్యుడే. ఈ ఉపన్యాసం అతనికి కంఠతా వచ్చు. మాస్టారు రోజూ అదే సీట్లో, సంచీ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు రోడ్డుకి అప్పగించి కూర్చుంటారు. మలుపు వస్తే చాలు, కుడికాలు నేలని ధన్‌మని తొక్కుతుంది. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవాళ్ళు కూర్చునే పక్క సీట్లో కాళ్ళ దగ్గరా ఓ బ్రేకుంటుంది, ఆ అలవాటు. “మాస్టారూ, అక్కడ బ్రేకు లేదండీ!” అని వెనకనుంచి ఎవరో ఒకరు అననే అంటారు. ఆయన కాలు వెనక్కి లాక్కుని, చెప్పు సర్దుకుంటున్నట్టు నటిస్తారు.

భార్య బజారు దగ్గర దిగిపోయింది. తరవాతి సిగ్నల్లో బస్సు ఆగగానే మాస్టారు డ్రైవరు చెవి దగ్గరికి వంగారు. “ఒరేయ్, పక్క సీట్లో కూర్చుని కూర్చుని, స్టీరింగు ముట్టుకుని ఎన్నేళ్ళయిందో కూడా గుర్తులేదురా. ఒక్కణ్ణే తోలాలంటే భయంగా ఉందిరా. రేపు నువ్వొచ్చి నా పక్కన కూర్చోవాలి.” “కూర్చుంటాను గానీ, కొత్త కారులో నా వైపు బ్రేకుండదు కదా మాస్టారూ?” “తెలుసులేరా. అయినా సరే, మలుపు రాగానే నువ్వు కాలు మాత్రం గట్టిగా తొక్కు.”