కాలువకి నీళ్ళొచ్చేదాకా

మా సంఘానికి బాప్తిస్మపు తొట్టి లేదు. ఊరి పక్క కాలువలోనే ఇస్తారు. అందుకని వేసవిలో కాలువలు కట్టేసేలోపు తీసుకోకపోతే, మళ్ళీ నీళ్ళు వదిలేదాకా ఆగాల్సిందే.

డిగ్రీ అయిన ఏడాది నేనూ పేరిచ్చాను. బాప్తిస్మం తీసుకునేవాళ్ళు ముందుగా గృహకూడికలో లేచి సాక్ష్యం చెప్పాలి. ఒకాయన తాగుడు మానేసిన సంగతి చెప్పాడు. ఒకావిడ కడుపులో గడ్డ కరిగిపోయిన సంగతి చెప్పింది. తర్వాత నా వంతు. నేను పుట్టినప్పటి నుంచీ చర్చి చాపల మీద పెరిగినదాన్ని, చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. డైరీలో పేజీలకి పేజీలు దేవుడితో మాట్లాడతాను గానీ నలుగురి ముందు నోరు పెగలదు. "వందనాలండి" అని కూర్చుండిపోయాను.

మిగతావాళ్ళు తెల్లబట్టల్లో నీళ్ళలోకి దిగుతుంటే నేను గట్టు మీద వాళ్ళ తువ్వాళ్ళు పట్టుకుని నిలబడ్డాను. ఆ తర్వాత వారమే కాలువ కట్టేశారు.

పాస్టరుగారి భార్యని మేమంతా అమ్మగారు అంటాం. ఆవిడ నన్నేమీ అనలేదు. "మా వీధి చివర మామ్మగారికి చూపు ఆనడం లేదు. సాయంత్రాలు వెళ్ళి వాక్యం చదివి పెట్టమ్మా" అన్నారు. చదవడం నాకిష్టమే, ఒప్పుకున్నాను. మామ్మకి చెవులు కూడా సరిగా వినపడవని మాత్రం ఆవిడ చెప్పలేదు.

మొదటి రోజు ఒక కీర్తన చదివాను.

"చదువుతున్నావా, లోపల్లోపల గొణుక్కుంటున్నావా?" అంది మామ్మ.

గొంతు పెంచాను. అయ్యాక బైబిలు మూసి లేవబోతే చెయ్యి పట్టుకుంది.

"ప్రార్థన చెయ్యకుండా పోతావేంటే? నా మోకాళ్ళ గురించి అడుగు."

మనసులో చేసుకుని ఆమెన్ అన్నాను.

"ఏదీ, వినపడందే! దేవుడి దగ్గర కూడా సిగ్గేనా నీకు?"

"ప్రభువా, మామ్మగారి మోకాళ్ళు..."

"కుడిదే. ఎడమది బానే ఉంది. ఆయన్ని కంగారు పెట్టకు."

నాకు నవ్వొచ్చేసింది. ఆ నవ్వులోనే, అరిచినంత గట్టిగా ప్రార్థన చేశాను. గోడవతల గేదెకి గడ్డి వేస్తున్నావిడ "ఆమెన్" అంది.

వేసవంతా అలాగే గడిచింది. కాలువ అడుగున బురద ఎండి నెర్రెలిచ్చింది. మామ్మ మోకాలు తగ్గలేదు. ఆ సంగతే రోజూ దేవుడికి చెప్పేదాన్ని. డైరీలో అయితే బాధని అందంగా రాసేదాన్ని. మామ్మ దగ్గర మాత్రం "తగ్గలేదు ప్రభువా, రాత్రి నిద్ర కూడా పట్టలేదంట" అని ఉన్నదున్నట్టు చెప్పాల్సి వచ్చేది. పోనుపోనూ డైరీలో కూడా అలాగే రాయడం మొదలుపెట్టాను. అందులో నా గురించి తగ్గి, మామ్మ గురించి, గేదెలావిడ గురించి ఎక్కువైంది.

నీళ్ళు వదులుతారని తెలిశాక అమ్మగారు మామ్మ ఇంట్లోనే కూడిక పెట్టారు. లేచాను.

"నాకు ఏ జబ్బూ తగ్గలేదండి. మామ్మగారి మోకాలూ తగ్గలేదు. అయినా రోజూ అడుగుతున్నాం. ఆయన వింటున్నాడని నమ్ముతున్నాను. అంతేనండి."



"వినపడింది" అంది మామ్మ మంచం మీంచి.

ఆ ఆదివారం కాలువలోకి దిగాను. తువ్వాలు అమ్మగారు పట్టుకున్నారు. కొత్తనీళ్ళు ఇంకా బురదగానే ఉన్నాయి. నా తెల్లచీరకి అంటిన మరక ఎన్నిసార్లు ఉతికినా పోలేదు.