కొబ్బరికాయ కొట్టిన కాలిక్యులేటర్

కాలిక్యులేటర్‌కు కొబ్బరికాయ కొట్టినవాడి దగ్గర పనిచేశాను నేను.

డెబ్బైల చివర్లో గవర్నర్‌పేటలో, మైకు సెట్లకు ఆంప్లిఫయర్లు తయారుచేసే చిన్న షాపులో చేరాను. నాన్న పెడనలో మగ్గం మీద చీరలు నేసేవాడు. డిప్లొమా చదివిన కొడుకు తీగలు అతికించుకుంటూ బతకడం ఆయనకు మింగుడు పడలేదు. "దసరా వెళ్లాక వచ్చి చూస్తా. అక్కడ నీ బుర్రకి పనుందంటే ఉండు. లేదా, వచ్చి మగ్గం ఎక్కు," అన్నాడు. ఆయనకు చూపించుకోవడానికి నాకున్నదల్లా నేను గీసిన ఆంప్లిఫయర్ సర్క్యూటే.

మా ఓనరు బావమరిది ఓడలో పనిచేసేవాడు. సింగపూర్ నుంచి ప్రోగ్రాము చేసుకునే కాలిక్యులేటర్ తెచ్చిచ్చాడు. లెక్క ఏ వరసలో చెయ్యాలో ఒకసారి నేర్పి చిన్న కార్డు మీదకు ఎక్కిస్తే చాలు. ఆ కార్డు దూర్చి అంకెలిస్తే జవాబు చెప్పేది. నిజం చెప్పాలంటే ముద్దొచ్చే వస్తువు. ఏ ట్రాన్సిస్టర్‌కు ఎంత రెసిస్టర్ కావాలో నేను లాగరిథమ్ టేబుల్స్‌తో పూటంతా కుస్తీ పట్టేవాణ్ణి, అది నిమిషంలో తేల్చేది. కానీ అది చెప్పిన విలువ బజార్లో దొరికితేగా! దొరికేవాటిలో ఏది పెడితే గురగుర తగ్గుతుందో, ఏది పెడితే గొంతు పీలగా వస్తుందో చెవొగ్గి విని మార్చాల్సింది నేనే. అలా మార్చి మార్చి చేసిన ఆంప్లిఫయర్ని హనుమాన్ జంక్షన్ సౌండు సర్వీసాయన పట్టుకెళ్లి, ఇంకో నాలుగు కావాలని కబురు పెట్టాడు.

ఓనరు ఉబ్బిపోయాడు. నన్ను చూసి కాదు లెండి. "మిషన్ డిజైనండీ! మనిషి చెయ్యి పడలా!" అని వచ్చినవాళ్లందరికీ చెప్పడం. "ప్రోగ్రాము రాసింది నేనండీ," అన్నాను. "మీటలు నొక్కావయ్యా. నొక్కితే మా ఆవిడా నొక్కుద్ది," అన్నాడు. ఛీ! ఆ నవ్వుకి ఒళ్లు మండిపోయింది.

ఆయుధపూజ నాడు స్క్రూడ్రైవర్లతో పాటు కాలిక్యులేటర్నీ పీట మీద పెట్టాడు. "దాని మీద కుంకుమ వద్దండీ, కార్డు దూరే సందులోకి పోతుంది," అన్నాను. "పూజకి అడ్డం మాట్లాడకు!" అని కసిరి, మీటల నిండా పసుపు కుంకుమలు మెత్తి, పూలదండ వేశాడు. పక్కనే కొబ్బరికాయ కొట్టాడు. నీళ్లు నేరుగా దాని మీదే పడ్డాయి. మర్నాటికి మీటలు జిగురు జిగురు, సందుల్లో చీమలు, పులిసిన కంపు. ఒక్క అంకె వెలగలేదు. విప్పి తుడుస్తానంటే ఒప్పుకోలేదు. పూజ చేసింది కదపకూడదట! దండతో సహా అద్దాల బీరువాలో పెట్టేశాడు. ఈసారి బజార్లో దొరికిన ట్రాన్సిస్టర్లు వేరు కావడంతో, ఆ నాలుగు ఆంప్లిఫయర్ల లెక్కలూ మళ్లీ కాగితం మీద నేనే చేసి చచ్చాను.

నాన్న వచ్చిన రోజున నాలుగోది బల్ల మీద మోగుతోంది. చూపిద్దామని లేచాను. ఓనరు నాకంటే ముందే ఆయన్ని బీరువా దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఇటు రండి పెద్దాయనా. మా డిజైన్లన్నీ ఇదే చేసుద్దండీ."

"అది ఎప్పుడో చచ్చింది నాన్నా! లెక్కలన్నీ నేనే చేశాను!" అని అరిచాను.

"కుర్రాడు కూడా సాయంగా ఉంటాడులెండి," అంటూ ఓనరు నా భుజం తట్టాడు. ఆ చెయ్యి నరికెయ్యాలనిపించింది.

నాన్న భుజం మీది కండువా తీసి, చీమలు పాకుతున్న ఆ కాలిక్యులేటర్‌కు దణ్ణం పెట్టాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"మరి నువ్వెందుకురా ఇక్కడ? గుడ్డలు సర్దుకో, పోదాం."