ఒకటో గడిలో సున్నా

2024 మార్చి 11, సోమవారం, ఉదయం సరిగ్గా ఎనిమిదిన్నర. ముందురోజే ఈ దేశంలో గడియారాలన్నీ ఒక గంట ముందుకు జరిపారు కాబట్టి సూర్యుడి లెక్కలో ఏడున్నర. నేను రెండూ రాసిపెట్టుకున్నాను. ట్రాయ్‌లో మా అమ్మాయి ఇంటి పెరట్లో వానమాపకం గొట్టం పైకి లాగబోయి నడుము మీదికి తెచ్చుకున్న సమయం అది.

వానమాపకం ఎందుకని ఇక్కడ అందరూ అడుగుతారు. ముప్పై మూడేళ్ళు వాతావరణ శాఖలో పనిచేశాను. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి వాన కొలవడం నా పని. రిటైరయ్యాక చెయ్యి ఊరుకోలేదు. అమెరికా వచ్చిన నెలలోనే పెరట్లో ఒక గొట్టం పెట్టించుకున్నాను. ఇంటి వెనకున్న పొరుగాయన మొదట్లో దాన్ని పిట్టలకి నీళ్ళు పెట్టే పాత్ర అనుకున్నాడు. అయిదేళ్ళ పది నెలలుగా ఒక్క రోజు కూడా తప్పలేదు.

ఆదివారం రాత్రి చలికి గొట్టం దాని పట్టులో గడ్డకట్టుకుపోయింది. వేణ్ణీళ్ళు తెచ్చి పోసి ఉంటే రెండు నిమిషాల్లో వదిలేది. ఎనిమిదిన్నర దాటిపోతుందని వంగి, రెండు చేతులతో పట్టుకుని లాగాను. ఎండుపుల్ల విరిచినట్టు లోపల చిన్న చప్పుడయింది. గొట్టం అడుగున చీలిక వచ్చింది. నేను గడ్డి మీద మోకాళ్ళ మీద ఉండిపోయాను. వాన లేదు. పుస్తకంలో 0.0 రాశాకే లోపలికి వచ్చాను, గోడ పట్టుకుని.

అమ్మాయీ అల్లుడూ ఫ్రీమాంట్‌లో స్నేహితుల ఇంట పెళ్ళికి వెళ్ళారు, మంగళవారం సాయంత్రానికి గానీ రారు. ఇంట్లో ఉన్నది మనవరాలు ఒక్కతే. ఇరవై ఏళ్ళు, ఇక్కడే పుట్టింది, కాలేజీ నుంచి వారం సెలవులకి వచ్చింది. సెలవుల్లో తనకి ఉదయం పదకొండుకి తెల్లవారుతుంది. లేచి వచ్చి, సోఫాలో వేణ్ణీళ్ళ సంచీతో ఉన్న నన్ను చూసింది.

"అమ్మమ్మా, సీరియస్‌లీ? ఆ ట్యూబ్‌తో ఫైట్ చేశావా?"

"ఫైట్ కాదు. గడ్డకట్టింది, లాగాను."

"ఎవరు గెలిచారు?"

"ఇద్దరికీ చీలిక వచ్చింది" అన్నాను. నవ్వింది. నేనూ నవ్వబోయాను కానీ నవ్వితే రెండు కాళ్ళలోకీ కరెంటు పోయినట్టయింది.

బెణుకు అనుకున్నాం. మాత్ర వేసుకున్నాను, సమయం రాసుకున్నాను. నాకొక రోజువారీ పుస్తకం ఉంది. రోజుకొక వరస. ఆ వరసలో గళ్ళు: బీపీ, నడిచిన అడుగులు, వేసుకున్న మాత్రలు, 1, 2, చివర వాన. 1 అంటే ఒంటికి, 2 అంటే రెంటికి. మా చిన్నప్పుడు బళ్ళో ఒక వేలెత్తితే ఒంటికి, రెండు వేళ్ళెత్తితే రెంటికి, పంతులుగారు తలూపితే పరుగు. నేను ఇప్పటికీ ఆ మాటే అంటాను, ఇంకోటి నోరు తిరగదు.

ఆ రాత్రి 9:10కి 1 గడిలో చివరి గుర్తు పెట్టాను. పడుకోబోయే ముందు కుర్చీలో కూర్చుంటే కింద కుర్చీ ఉన్నట్టు తెలియలేదు. "కుర్చీ తెలియడం లేదు" అని పుస్తకంలో రాసుకున్నాను. మనవరాలికి చెప్పలేదు. ఎక్కడ తెలియడం లేదో కూడా చెప్పాల్సి వస్తుంది కదా.

మంగళవారం ఉదయానికి ఎడమ కాలు నా మాట వినడం మానేసింది. మనవరాలు కారు సీటు వెనక్కి వాల్చి, నన్ను దుప్పటితో సహా ఎక్కించి, ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళింది. 9:50కి చేరాం. అక్కడి అమ్మాయి ఒక తెర చూపించి, ఇందులో తెలుగు అనువాదకులు వస్తారు, పిలవమంటారా అని అడిగింది.

"నో నో, ఐ గాట్ దిస్" అంది మా పిల్ల. నాకూ అదే మేలనిపించింది. మా ఇద్దరి మధ్య తెరలోని మనిషెందుకు?

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. నాకు ఇంగ్లీషు రాకేం కాదు, ముప్పై మూడేళ్ళు రిపోర్టులు ఇంగ్లీషులోనే రాశాను. కాగితం మీద ఎంతటి ఇంగ్లీషైనా నాదే. ఈ దేశం వాళ్ళ నోట్లోంచి వచ్చేటప్పటికి మాత్రం మూడింట ఒక వంతే నాకు దక్కుతుంది. అందుకని మాటల పని మనవరాలికి వదిలేశాను.

డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. కాళ్ళు ఎత్తించాడు, మోకాళ్ళ మీద తట్టాడు. ఏదో అడిగాడు.

"బాత్రూమ్ ఓకేనా అని అడుగుతున్నారు, అమ్మమ్మా."

అడిగినదానికి నేను కచ్చితంగా జవాబు చెప్పాను. "పొద్దుట్నించీ బాత్రూమ్‌కి మూడుసార్లు వెళ్ళాను. రాత్రి నుంచీ ఒంటికి మాత్రం రావడం లేదని చెప్పు."

మనవరాలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత చకచకా చెప్పేసింది. డాక్టరు నా వైపు జాలిగా చూసి, నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఇంత పెద్ద విషయం చెబితే భుజం తట్టి పోయాడేమిటి అనుకున్నాను గానీ, ఇక్కడి పద్ధతి ఇదేనేమో అని సరిపెట్టుకున్నాను.

మా పిల్ల ఆయనకి ఏం చెప్పిందో గంటన్నర తర్వాత తెలిసింది. మూడుసార్లు బాత్రూమ్‌కి వెళ్ళింది కాబట్టి అందులో ఇబ్బంది లేదట. "ఒంటికి" అంటే తనకి తెలిసినది ఒకటే, ఒళ్ళు. రాత్రి నుంచీ ఒంటికి ఏదో రావడం లేదు అంటే, నా ఒళ్ళు నాదిలా అనిపించడం లేదని అర్థం చేసుకుందట. "షీ డజన్ట్ ఫీల్ లైక్ హర్‌సెల్ఫ్" అని చెప్పింది. నొప్పిలో ఉన్న ముసలావిడకి అది సహజమే కదా అనుకున్నాడు డాక్టరు. కండరం పట్టేసింది, మాత్రలు, వారం విశ్రాంతి అని ఇంటికి పంపే కాగితాలు తయారవుతున్నాయి.

11:25కి ఆ కాగితాలతో నర్సు వచ్చింది. యాభై అయిదేళ్ళుంటాయి, భారీ మనిషి, కళ్ళజోడు మెడలో గొలుసుకి వేలాడుతోంది. నొప్పి మాత్ర ఆఖరిసారి ఎప్పుడు వేసుకున్నారు అని అడిగింది.

"షీ రైట్స్ ఎవ్రీథింగ్ డౌన్" అని మనవరాలు నా సంచీలోంచి పుస్తకం తీసిచ్చింది.

నర్సు కళ్ళజోడు పెట్టుకుంది. మాత్ర సమయం చూసి పుస్తకం మూసేస్తుందనుకున్నాను. మూయలేదు. గళ్ళ మీద వేలు పోనిచ్చి, ఇవేమిటి అని మనవరాల్ని అడిగింది.

"వెదర్ స్టఫ్ అనుకుంటా. షీ ఈజ్ అబ్సెస్డ్ విత్ రెయిన్."

నర్సు వినిపించుకోలేదు. నా మంచం పక్కకి వంగి, పుస్తకం నా ముందు పెట్టి, 1 మీద ఒక వేలు, 2 మీద ఒక వేలు పెట్టింది. నెమ్మదిగా అడిగింది. "హనీ, ఈజ్ దిస్ నంబర్ వన్ అండ్ నంబర్ టూ?"

ఆ వాక్యం మొత్తం నాకు దక్కింది. వాళ్ళకీ ఇదే లెక్కుందని నాకేం తెలుసు? వీళ్ళ బళ్ళలోనూ వేళ్ళెత్తుతారన్నమాట! మొహం వేడెక్కింది కానీ తలూపాను.

ఆమె మంగళవారం గడిలో ఉన్న సున్నాని చూపించింది. రాయడం మర్చిపోయారా, లేక నిజంగా సున్నానా?

ఇక మనవరాలితో పని లేకుండా నేనే ఇంగ్లీషులో చెప్పాను. రాయకపోతే గీత ఉంటుంది మేడం. సున్నా అంటే చూశాను, లేదు అని. మా శాఖలో మొదటి రోజు నేర్పే పాఠం అది. నిన్న రాత్రి 9:10 తర్వాత పద్నాలుగు గంటల పదిహేను నిమిషాలు.

మనవరాలు నోరు తెరుచుకుని నన్ను చూసింది.

నర్సు ఇంకో ప్రశ్న అడిగింది, చెవి దగ్గర. తుడుచుకునేటప్పుడు తెలుస్తోందా? "నో, మేడం" అన్నాను. ఆమె ఇంటికి పంపే కాగితాలను నడిమికి మడిచి జేబులో పెట్టుకుంది. బరువైన మనిషి అంత వేగంగా నడవడం నేను చూడటం అదే మొదటిసారి.

అయిదు నిమిషాల్లో పొట్ట మీద చల్లటి జిగురు రాసి ఒక యంత్రంతో చూశారు. 840 మిల్లీలీటర్లు. లోపల అంత నిండి ఉన్నా వస్తోందని నాకు తెలియలేదు. అంత నీళ్ళు మా పాత వానమాపకం సీసాలో పోస్తే అది కుంభవృష్టి కింద లెక్క. వెంటనే మూత్రం గొట్టం వేసి అదంతా తీసేశారు, గొట్టం అలాగే ఉంచారు. అటునుంచి అటే స్కానింగుకి. లోహం ఉండకూడదన్నారు. కుడిచేతి గాజు సబ్బుతో వచ్చింది. ఎడమచేతిది నలభై ఒక్క ఏళ్ళుగా కదల్లేదు, కోయాల్సి వచ్చింది.

ఒంటిగంటకి సర్జన్ వచ్చింది. పొట్టి మనిషి, నలభై దాటదు. నేను చదవగలనని నర్సు చెప్పినట్టుంది, కాగితం తీసి బొమ్మ గీసింది. వెన్నుపూసల మధ్య మెత్త ఒకటి పగిలి వెనక్కి జారింది. కింద నరాలన్నీ గుర్రపు తోకలా వేలాడుతుంటాయి, ఆ తోకని అది నలిపేస్తోంది. ఈ రోజే తీసేయాలి. ఆలస్యమైతే మూత్రం ఎప్పటికీ దానంతట అది రాకపోవచ్చు, కాలూ అంతే. ఈ రోజు తీసినా అంతా తిరిగి వస్తుందని మాటివ్వలేను అని కూడా కింద రాసింది. ఆ చివరి మాట రాసినందుకు నాకు ఆమె మీద గురి కుదిరింది.

"వీపంతా కోస్తారా?" మనవరాలు అడిగింది.

కాదట. చిన్న గాటు పెట్టి, కండరాన్ని కోయకుండా పక్కకి తప్పిస్తూ సన్నటి గొట్టం దించి, అందులోంచి సూక్ష్మదర్శినితో చూస్తూ ముక్కని తీస్తారట.

"గాటు ఎన్ని మిల్లీమీటర్లు?" అన్నాను.

"ఎయిటీన్. ట్వెంటీ, మేబీ."

"పద్ధెనిమిదా, ఇరవయ్యా?"

మనవరాలు తల పట్టుకుంది. "అమ్మమ్మా, ప్లీజ్! ఆవిడ డాక్టర్, నీ జూనియర్ క్లర్క్ కాదు!"

సర్జన్ నవ్వి, కొలిచి చెబుతానంది.

ఆపరేషన్‌కి తీసుకెళ్ళే ముందు మేమిద్దరమే ఉన్నాం. మనవరాలు నా మంచం ఊచ పట్టుకుని నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నేను రాంగ్ చెప్పాను. నువ్వు ఇంటికి వచ్చేసేదానివి."

"నువ్వు కాదు. నేను సరిగ్గా చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు? యూ నో ద వర్డ్ యూరిన్!"

"ఆయన మగవాడు."

"సో? నాకు చెప్పచ్చు కదా. ఆ ఒంటికి ఏంటి? నాకు ఆ వర్డ్ తెలీదు. చిన్నప్పుడు అమ్మ ఎప్పుడూ ఉచ్చ వస్తోందా అనేది. ఉచ్చ అను, నాకు తెలుస్తుంది!"

"అంతమందిలో ఉచ్చ అనమంటావా నన్ను?"

"ఎస్! ఇట్స్ ఎమర్జెన్సీ, అమ్మమ్మా! గట్టిగా అను!"

మంచం తోసుకెళ్ళడానికి వచ్చిన మనిషికి ఏమీ అర్థం కాకపోయినా నవ్వాడు. మేమిద్దరం నవ్వుతూనే ఆ తలుపు దాకా వెళ్ళాం. తలుపు దగ్గర తను ఆగిపోవాల్సి వచ్చింది.

3:40కి మొదలుపెట్టి 4:55కి ముగించారు. మెలకువ వచ్చేసరికి అమ్మాయీ అల్లుడూ ఉన్నారు. సర్జన్ వచ్చి "నైన్‌టీన్" అని ఒకే మాట చెప్పింది. మా వాళ్ళకి అర్థం కాలేదు. నేను రాసుకున్నాను.

అసలు పరీక్ష గురువారం. పదింటికి మూత్రం గొట్టం తీశారు. ఆరు గంటల లోపల నా అంతట నాకు రావాలి, లేకపోతే మళ్ళీ గొట్టం, ఆ తర్వాత బహుశా ఎప్పటికీ. కమోడ్‌లో తెల్లటి ప్లాస్టిక్ కొలపాత్ర పెట్టారు. తిరగేస్తే టోపీలా ఉంటుందని వీళ్ళు దాన్ని హ్యాట్ అంటారు. పదకొండున్నరకి వెళ్ళాను, సున్నా. ఒంటిగంటకి, సున్నా. మనవరాలు తలుపు బయట నేల మీద కూర్చుని కుళాయి తిప్పమంది. తిప్పాను. ప్రపంచంలోని నీళ్ళన్నీ వస్తున్నాయి, నావి తప్ప.

2:20కి వచ్చాయి.

మొదట నమ్మలేదు. చప్పుడు విని కుళాయే అనుకుని ఆపాను. ఆపినా చప్పుడు ఆగలేదు. లేచి, కళ్ళజోడు పెట్టుకుని, నీటి మట్టానికి కళ్ళు సమంగా ఉండేలా వంగబోతే మనవరాలు తలుపు తోసుకుని వచ్చింది.

"వంగద్దు! నడుము! నేను చూస్తా. నూట ఇరవై."

"మట్టం అంచు చూడకు, నడుమ చూడు."

"నూట పది! అమ్మమ్మా, నూట పది! ఒంటికి వచ్చింది!"

వరండా అంతా వినబడేలా అరిచింది. తను ఆ మాటని అంత పొందికగా వాడటం అదే మొదలు. పుస్తకంలో కూడా తనే రాసింది, ఒకటో గడిలో, వంకర అంకెలతో.

శనివారం ఇంటికి వచ్చాను. ఆదివారం ఎనిమిదిన్నరకి మనవరాలు కొత్త గొట్టం బిగించి వాన కొలిచింది. ఎలా చూడాలో నేను కిటికీలోంచి చెప్పాను.

పోయినవి ఇవి. వెన్నులోంచి చిక్కుడు గింజంత ముక్క ఒకటి. ఎడమ మడమ బయటి అంచున, కూర్చునే చోట కుడివైపు తపాలా బిళ్ళంత మేర, స్పర్శ. ఎడమచేతి గాజు ఒకటి. పాత గొట్టం. మార్చి 12 నుంచి 16 దాకా అయిదు రోజుల వాన. ఆ అయిదు గళ్ళలో సున్నా వేయలేదు, గీత గీశాను.